మాలేలో కిరాణా ఖర్చు: నేను చేసింది

జీతంలో సగం కిరాణాకే పోతోందని రాశారు కదండీ. మాల్దీవుల రాజధాని మాలేలో నేనూ 2 ఏళ్ళు వండుకు తిని అమలాపురం తిరిగొచ్చాను, మీ బాధ తెలుసు. ముందు కూరగాయలు తగ్గించండి. మన లంకల్లో గట్టు మీద కాసే వంకాయ, బెండకాయ అక్కడ సముద్రం దాటి రావాలి, ఆ కిరాయి మీరే కడుతున్నారు. అక్కడ చవక ట్యూనా చేప. సాయంత్రం పడవలొచ్చే వేళకి చేపల బజారుకెళ్ళి చేప మొత్తంగా కొనండి, అక్కడే శుభ్రంచేసి ముక్కలు కొట్టిస్తారు. ఆ పూటకి పులుసు, మిగతాది పూటకో పొట్లం కట్టి వెంటనే ఫ్రీజర్‌లో పెట్టెయ్యండి. పులుసు మర్నాటికే రుచండీ, గిన్నె కాస్త పెద్దదే పెట్టండి. బియ్యం, పిండి, పంచదార ప్రభుత్వం కట్టిన ధరకి అమ్మే రకాలే అడగండి. సెలవుకొచ్చినప్పుడు మాత్రం పెట్టెలో బట్టలు తగ్గించి చింతపండు, ఎండుమిరపకాయలు, ఆవాలు, మెంతులు సర్దుకోండి.