కార్పెట్ కడిగేకొద్దీ నల్లబడుతోందా?

"అన్నా, నేనొచ్చి నాలుగు నెలలైంది. ఓ పెద్ద ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేరాను. లిఫ్టుల ముందు కార్పెట్‌కి నెలనెలా షాంపూ చేయిస్తున్నా, వారం తిరక్కుండానే మళ్లీ నల్లబడుతోంది. పైవాళ్లు నన్నే అడుగుతున్నారు. తప్పెక్కడ జరుగుతోంది?"

తమ్ముడూ, షాంపూ తక్కువై కాదు, ఎక్కువై వచ్చిన తంటా ఇది. మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. నురగ ఎంత పొంగితే అంత శుభ్రం అనుకునేవాణ్ణి. ఆ నురగలో కొంత పోగుల్లోనే ఉండిపోతుంది. ఆరాక చాలా రకాల షాంపూలు జిగురుగా మారి, పైన నడిచే ప్రతి బూటు అడుగునుంచీ మట్టిని లాక్కుంటాయి. ఈ రాత్రే ఓ తెల్లగుడ్డని వేడినీళ్లలో ముంచి పిండి, నల్లబడ్డ చోట గట్టిగా అద్ది చూడు. వేళ్లకి జారుడుగా తగిలితే అది సబ్బే. నీళ్లు చల్లి వెంటనే వెనక్కి పీల్చేసే ఎక్స్‌ట్రాక్షన్ మిషన్లో కడిగే మందేమీ కలపకుండా ఉత్త వేడినీళ్లు పోసి తిప్పించు. మురికినీళ్ల ట్యాంకులో నురగ తేలడం ఆగేదాకా తిప్పాలి.

ఇక అసలు సంగతి. కార్పెట్‌లో చేరే మురికిలో ఎక్కువభాగం పొడి మట్టే. ఇసుక అడుగుకి దిగి, పైన అడుగు పడినప్పుడల్లా పోగుల్ని గీరుతుంది. గీతలు పడ్డ పోగు వెలుతురుని చెదరగొట్టి, మాసినట్టు బూడిదరంగులో కనిపిస్తుంది. దాన్ని ఏ మందూ బాగుచెయ్యలేదు. ఈ మాట పైవాళ్లకి ముందే చెప్పి పెట్టుకో, లేకపోతే అరుగుదల కూడా నీ ఖాతాలోకే వస్తుంది.

అందుకే వాక్యూమే ప్రాణం. లిఫ్టుల ముందు, ద్వారాల దగ్గర రోజూ, మూలల్లో వారానికోసారి. ఎవరో తరుముతున్నట్టు నెట్టుకుపోతే లాభం లేదు. ముందుకి తోసి, వెనక్కి నిదానంగా లాగాలి, బ్రష్ రోలర్ పోగుల్ని లేపాలి. బ్యాగు పూర్తిగా నిండేదాకా ఆగకు, లాగుడు తగ్గిపోతుంది. గుమ్మంలో మ్యాట్ కనీసం నాలుగైదు అడుగులు వేసేంత పొడవుండాలి. దాన్నీ రోజూ వాక్యూమ్ చెయ్యాలి. నిండిపోయిన మ్యాట్ మట్టిని తిరిగి లోపలికే పంపుతుంది.

మరకల దగ్గర నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. మీటింగ్ గది ముందు కాఫీ ఒలికింది. నీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది, జాడ లేకుండా చేశానని మురిసిపోయి వెళ్లాను. పొద్దున చూద్దును కదా, అదే చోట ఇంకా పెద్ద వలయం! అడుగుకి దిగిన కాఫీ, తడి ఆరేకొద్దీ పోగుల చివరికి ఎగబాకింది. ఇప్పుడైతే రుద్దను. అంచునుంచి మధ్యకి పొడిగుడ్డతో అద్దుతాను, నీళ్లు కొద్దిగానే వాడతాను, చివర్న మడతపెట్టిన తువ్వాలు వేసి పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తాను. ఎగబాకిన మరక తువ్వాలుకి అంటుకుంటుంది.

నీళ్లతో కడిగించిన రోజు ఫ్యాన్లు పెట్టించు. 24 గంటల్లో ఆరకపోతే వాసనా, ఆ వెనకే బూజూ మొదలవుతాయి. తడి కార్పెట్ మీంచి నున్నటి నేల మీదకి అడుగుపెట్టేవాళ్లు జారిపడతారు, అక్కడ హెచ్చరిక బోర్డు తప్పదు. మందు కొనేముందు పోగు ఏమిటో కనుక్కో. ఉన్ని అయితే బ్లీచ్ దాని ఛాయలకి కూడా పోనివ్వకు, పోగునే తినేస్తుంది. ఏ మందైనా ముందు కుర్చీ వెనకో, బీరువా కిందో రాసి చూడు.

ఇంతకీ మీ భవనంలో ఉన్నది ఒకే చుట్టగా పరిచిన రోల్ కార్పెట్టా, 50 సెంటీమీటర్ల కార్పెట్ పలకలా? పలకలైతే బాగా అరిగినవాటిని తీసి, బీరువాల కింద ఉన్నవాటితో మార్చుకో. గోదాములోని కొత్తవి వేస్తే రంగు కొట్టొచ్చినట్టు తేడాగా కనిపిస్తుంది. రోలైతే ఆ వెసులుబాటు ఉండదు. ఆ గుడ్డ పరీక్షలో ఏం తేలిందో మాత్రం రాయి.