కోర్గీని రింగులోకి దింపే ముందు

అమ్మలూ,

ఫొటోలు చూశాను. నీ కోర్గీ కుక్కపిల్ల ముచ్చటగా ఉంది, మొహంలో ఆ నక్క కళ బాగా పడింది. నాలుగు నెలలు నిండినా ఎడమ చెవి వాలిపోతోందని దిగులు పెట్టుకున్నావు. పళ్ళు మారే రోజుల్లో లేచిన చెవి కూడా మళ్ళీ పడుతుంది, మామూలే. అయినా రెండు మూడు వారాలు చూసి, నిలబడే సూచన లేకపోతే పిల్లను ఇచ్చిన బ్రీడర్‌నే, అంటే కుక్కల్ని ఈనించి ఇచ్చేవాళ్ళనే, అడుగు. చెవికి టేపు వేయడం వాళ్ళకు తెలిసిన పనే. పళ్ళన్నీ వచ్చేదాకా ఆగితే చెవి గట్టిపడిపోతుంది, అప్పుడు టేపు వేసినా పెద్దగా లాభం ఉండదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని డాక్టరు అన్నారట. ఇంట్లో పెంచుకోవడానికే అయితే సరే. షో రింగు, అంటే కుక్కల పోటీ బరి, మాట మనసులో ఉంటే ఇప్పుడు ఆ పని పెట్టుకోకు. ఈ పోటీలు పుట్టిందే తర్వాతి తరానికి మంచి తల్లినీ తండ్రినీ ఎంచడానికి, అందుకే ఆపరేషన్ అయిన కుక్కను చాలాచోట్ల మామూలు క్లాసుల్లోకి, అంటే పోటీ విభాగాల్లోకి, తీసుకోరు. రిజిస్ట్రేషన్ కాగితాలు నీ పేరుకు మారాయో లేదో కూడా చూసుకో. మామూలు క్లాసుల్లో పోటీకి దిగాలంటే ఆరు నెలలు నిండాలి. అంటే నీకు ఇంకో రెండు నెలలు ఉన్నాయి, సరిగ్గా వాడుకుంటే చాలు.

ముందు బ్రీడ్ స్టాండర్డ్, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో రాసిన కాగితం, తీసి కూర్చో. జడ్జి నీ కుక్కను పక్క కుక్కతో పోల్చడం కంటే ఆ కాగితంతో పోల్చడమే ఎక్కువ. నీది పెంబ్రోక్ కోర్గీ. కార్డిగాన్ కోర్గీ వేరే జాతి, దాని స్టాండర్డ్ వేరు, చదువుతూ కలిపేసుకోకు. భుజం దగ్గర ఎత్తు 10 నుంచి 12 అంగుళాలు. అమెరికన్ స్టాండర్డ్ ప్రకారం ఆడదాని బరువు 25 పౌండ్ల దరిదాపుల్లో ఉండాలి. ముక్కు కొస నుంచి నుదుటి పల్లం దాకా 3 పాళ్ళు, అక్కడి నుంచి తల వెనక్కి 5 పాళ్ళు. రెండు చెవుల కొసలు, ముక్కు కొస కలిపి గీత గీస్తే ఇంచుమించు సమబాహు త్రిభుజం రావాలి. ఇవి చదివి ఊరుకోక, పిల్లను ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూడు. దాని లోపం జడ్జి కంటే ముందు నీకే తెలియాలి.

చాలామంది పొరబడేది ముందు కాళ్ళ దగ్గర. నిటారుగా, రెండు కర్రల్లా సమాంతరంగా ఉండాలనుకుంటారు. పెంబ్రోక్ ముంజేతులు అలా ఉండవు. కడవను చేతులతో చుట్టి పట్టుకున్నట్టు ఛాతీని చుట్టి కాస్త లోపలికి వంగుతాయి. భుజాల మధ్య దూరం కంటే మణికట్ల మధ్య దూరం తక్కువ. కొత్తవాళ్ళు జడ్జి కుక్కను పరీక్షించే టేబుల్ మీద పాదాలను చేత్తో తిప్పి నిక్కచ్చిగా ముందుకు పెడతారు. కుక్క నాలుగడుగులు వేసేసరికి పాదాలు తమ దారిన అవి పోతాయి, జడ్జికి అంతా తెలిసిపోతుంది. కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టే చూపించు.

ఇక శిక్షణ. నీ కుక్కకు 'సిట్' నేర్పావని గొప్పగా రాశావు. కొన్నాళ్ళు దాన్ని పక్కన పెట్టు. షో కుక్కకు మొదటి పాఠం 'స్టాండ్'. చేతిలో తినే ముక్క కనబడగానే చటుక్కున కూర్చోవడం అలవాటైతే రింగులో జడ్జి ఎదురుగా కూడా అదే చేస్తుంది. కోర్గీ తెలివి అలాంటిది, ఏం చేస్తే ముక్క దొరుకుతుందో ఒక్కసారికే లెక్క కట్టేస్తుంది. ఇప్పటి నుంచి అన్నం గిన్నె కూడా నిలబడి ఉన్నప్పుడే కింద పెట్టు.

టేబుల్ కొనాలని తొందర లేదు, కదలని బల్ల మీద జారని రబ్బరు మ్యాట్ పరిస్తే చాలు. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద వేసి, నడుము వేలాడకుండా ఎత్తు. పెట్టాక ఒక్క క్షణం కూడా దాన్ని వదిలి పక్కకు వెళ్ళకు. గడ్డం కింద అరచెయ్యి ఆనించి తలను నిలుపు. ముందు కాళ్ళను పాదం పట్టుకుని కాదు, మోచెయ్యి దగ్గర పట్టుకుని ఎత్తి దించు. పాదం పట్టుకుంటే వెనక్కి లాక్కుంటుంది. వెనక కాళ్ళు హాక్, అంటే మడమ కీలు, నుంచి కిందకు నేలకు నిలువుగా ఉండేలా సర్దు. పది సెకన్లు నిలబడితే ముక్క ఇచ్చి దించెయ్. రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు, అంతకు మించి వద్దు. ఇంకా చేద్దామా అన్నట్టు నీ మొహంలోకి చూస్తున్నప్పుడే ఆపాలి. విసుగు పుట్టించావంటే ఈ జాతి పగ పట్టినట్టు గుర్తుంచుకుంటుంది.

నిలబడటం వచ్చాక తడిమించుకోవడం అలవాటు చెయ్యి. జడ్జి పెదవులు ఎత్తి పళ్ళు చూస్తారు. పై పళ్ళు కింది పళ్ళను దగ్గరగా ఆనుకుని ముందుకు ఉండాలి. వీపు మీదుగా తోక మొదలు దాకా చెయ్యి వేస్తారు, పాదాలు పట్టుకుంటారు. ఇంటికి వచ్చేవాళ్ళందరి చేతా ఇది చేయించు. టోపీ, కళ్ళద్దాలు, గడ్డం, గలగలమనే గాజులు, ఎవరినీ వదలకు. జంకే కుక్కకు ఎంత అందం ఉన్నా రింగులో విలువ లేదు, స్టాండర్డ్ కూడా ధైర్యమూ మంచితనమూ రెండూ ఉండాలంటుంది. పళ్ళు మారే వారాల్లో మాత్రం నోటి జోలికి ఎక్కువ పోకు. నొప్పిగా ఉన్న చిగుళ్ళను కెలికితే ఆ భయం ఎన్నాళ్ళైనా వదలదు.

కిందకు దింపాక దానంతట అది నిలబడటం అసలు పరీక్ష. నువ్వు ముక్కను నీ నడుము దగ్గర పట్టుకుంటే పొట్టి కుక్క కాబట్టి మెడ విరిచి పైకి చూస్తుంది. తల వెనక్కి పోతుంది, వీపు పల్లం పడుతుంది, మంచి మెడ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి, చెయ్యి బాగా కిందకు దించి చూపించు. మెడ ముందుకు సాగి చెవులు నిక్కుతాయి. ఆ భంగిమ కోసమే ఈ తంటా అంతా. ముక్కగా ఉడికించి ఆరబెట్టిన కాలేయం బాగుంటుంది, నలిగి చేతికి అంటదు. గోరంత ముక్కలు చాలు.

నడక నేర్పేటప్పుడు లీడ్, అంటే మెడకు కట్టి పట్టుకునే తాడు, వదులుగా ఉండాలి, కుక్క ఎప్పుడూ నీకూ జడ్జికీ మధ్య ఉండాలి. చూడాల్సింది ట్రాట్, అంటే ఐమూలగా ఉన్న కాళ్ళు, ఒక పక్క ముందుదీ రెండో పక్క వెనకదీ, జతగా పడే నడక. మరీ నెమ్మదిగా వెళ్తే ఒకే పక్క కాళ్ళు రెండూ కలిసి పడతాయి, నడక ఒళ్ళు ఊపుతూ ఏనుగు నడకైపోతుంది. మరీ ఉరికితే గంతులు వేస్తుంది. ఈ రెంటి మధ్య వేగం ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది. ఎవరి చేతికైనా ఫోన్ ఇచ్చి, మోకాలి ఎత్తులో పట్టుకుని పక్క నుంచి వీడియో తీయమను. ముందు కాళ్ళు ఎక్కువ లేవకుండా చక్కగా ముందుకు చాచి, వెనక కాళ్ళు బలంగా తోస్తున్న వేగం ఏదో చూసి, నీ అడుగులకు దాన్ని అలవాటు చేసుకో. తిన్నగా వెళ్ళి రావడం, త్రిభుజంలో తిరగడం, రింగు చుట్టూ రావడం, ఈ మూడూ నిద్రలో లేపినా చేసేట్టు ఉండాలి.

ముందు వెళ్తున్న కుక్కకు బాగా ఎడం ఇవ్వు. 1933లో, తర్వాత ఆరో జార్జి పేరుతో ఇంగ్లండు రాజైన ఆయన ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి జనం కోర్గీని కోట కుక్క అనుకుంటున్నారు గానీ, ఇది పశువుల మడమలు కరిచి తోలిన జాతి. ముందున్న కుక్క మడమ కనిపిస్తే నోరు ఊరుకోదు.

ఒంటి సంగతి తొందరగా చెప్పేస్తాను. వేళ్ళతో తడిమితే పక్కటెముకలు తెలియాలి. సోఫాల మీంచి దూకనివ్వకు, పొడుగు వీపుకు అది మంచిది కాదు. గోళ్ళు వారానికోసారి తియ్యాలి, పొడుగు గోరు పాదాన్ని విచ్చుకునేలా చేస్తుంది. పెంబ్రోక్ బొచ్చుకు కత్తెర పడేది పాదాల చుట్టూ మాత్రమే, ఒంటి మీద బొచ్చు కత్తిరించి ఆకారం తేవడం స్టాండర్డ్ ఒప్పుకోదు. స్నానం షోకు ఒకటి రెండు రోజుల ముందు చేయించి, తడి బొచ్చు కుదుళ్ళ దాకా పోయేలా డ్రయర్‌తో ఆరబెట్టు. ఎదకు వచ్చిన కొన్ని నెలలకు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ఆ రోజుల్లో ఎంట్రీ ఫీజు కట్టడం డబ్బు పారేసుకోవడమే.

హ్యాండ్లర్‌ను, అంటే డబ్బు తీసుకుని కుక్కను రింగులో చూపించేవాళ్ళను, పెట్టుకోవాలా అని అడిగావు. నా మాట వింటే వద్దు, పప్పీ క్లాసులు నువ్వే చేయించు. వాళ్ళు బాగా చూపిస్తారు, కాదనను. కానీ ఈ కుక్క ఎవరి మొహం చూసి తోక ఊపుతుందో ఆ మనిషి రింగులో ఉండటం వేరు. ముందు ఒక షోకు కుక్క లేకుండా వెళ్ళు. కోర్గీల రింగు పక్కన కూర్చుని, జడ్జి నడవమని ఎలా చెబుతున్నారో, టేబుల్ దగ్గర ముందు ఎక్కడ చెయ్యి వేస్తున్నారో గమనించు. అడిగినదానికే జవాబు చెప్పాలి. నీ కుక్క ఎన్ని నెలలదో ఠక్కున చెప్పగలగాలి.

ఆదివారం పక్క నుంచి ఒకటి, ఎదురు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, మూడు వీడియోలు పంపు. గోళ్ళు తీశాకే తీయించు.

ఆశీస్సులతో,
మీ అత్త