నీ స్టైపెండ్ ఎవరి డబ్బు? మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. అమెరికాలోని మూడు విశ్వవిద్యాలయాల నుంచి పీహెచ్‌డీ ప్రవేశం వచ్చిందని నువ్వు పంపిన కబురు చూసి అత్తయ్యా నేనూ ఎంతో సంతోషించాం. "వీటిలో పెద్ద పేరున్నది ఏది మామయ్యా?" అని అడిగావు. పేరు సంగతి తర్వాత చూద్దాం. ఇక్కడి ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, విద్యార్థులను ఎంపిక చేసే కమిటీల్లో కూర్చున్నవాడిగా నీకు ముందు చెప్పాల్సింది వేరే ఉంది. ఏటా ఇంత స్టైపెండ్ ఇస్తామని ఆ మూడు లేఖల్లోనూ రాశారు కదా. ఆ డబ్బు ఎవరిది, ఎప్పటిదాకా ఉంటుంది, మధ్యలో ఆగిపోతే ఎవరు భరిస్తారు అన్నది తెలుసుకోకుండా దేనిమీదా సంతకం పెట్టకు.

ఇప్పుడు నువ్వు మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఎస్ఐఆర్ ఇచ్చే జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ మీద పనిచేస్తున్నావు. నెలకు 37,000 రూపాయలు నీ పేరు మీద మంజూరవుతాయి. నెట్ పరీక్ష రాసి నువ్వు సంపాదించుకున్న హక్కు అది. ఇక్కడ అమెరికాలో చాలామంది విదేశీ విద్యార్థులకు ఆ ఏర్పాటు లేదు. డబ్బు ప్రొఫెసరు రాసిన పరిశోధన ప్రతిపాదనకు మంజూరవుతుంది. విద్యార్థి స్టైపెండు, ట్యూషను, ఆరోగ్య బీమా ఆ గ్రాంటులో ఒక పద్దు కింద ఉంటాయి. గ్రాంటు ముగిస్తే ఆ పద్దూ ముగుస్తుంది. ఆ గ్రాంటుల్లో అత్యధిక భాగం ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వం.

ఎంత అత్యధికమో అంకెల్లో చూడు. అమెరికా విశ్వవిద్యాలయాలు, కళాశాలలు అన్నీ కలిసి 2023 ఆర్థిక సంవత్సరంలో పరిశోధన మీద పెట్టిన ఖర్చు సుమారు 10,880 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 55 శాతం ఫెడరల్ ఖజానా నుంచి వచ్చింది. విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకున్నది నాలుగో వంతు. రాష్ట్ర ప్రభుత్వాలు, కంపెనీలు, ధార్మిక సంస్థల వాటా ఒక్కొక్కటి ఐదారు శాతం. 1960ల చివర్లో ఫెడరల్ వాటా 70 శాతం దాటి ఉండేది. తగ్గుతూ వచ్చినా నేటికీ సగానికి పైనే. నీది జీవశాస్త్రం కాబట్టి నీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఎన్ఐహెచ్, అంటే వైద్య, జీవశాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ. దాని వార్షిక బడ్జెట్ 4,700 కోట్ల డాలర్ల పైమాట. అందులో 80 శాతానికి పైగా దేశంలోని విశ్వవిద్యాలయాలకు, వైద్య కళాశాలలకు, పరిశోధన సంస్థలకే వెళుతుంది. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ల వాళ్లు ఎక్కువగా ఎన్ఎస్ఎఫ్ అనే మరో ప్రభుత్వ నిధి సంస్థ వైపు చూస్తారు. దాని బడ్జెట్ 900 కోట్ల డాలర్ల ప్రాంతం.

మొదటినుంచీ ఇలా లేదు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో హార్వర్డ్‌కు వచ్చినప్పుడు ఆయనకు జీతమిచ్చే ప్రభుత్వ గ్రాంటు లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేశారు. ఆ రోజుల్లో పరిశోధనకు ఆధారం రాక్‌ఫెల్లర్, కార్నెగీ వంటి ధర్మనిధులు, విశ్వవిద్యాలయాల సొంత సొమ్ము. రెండో ప్రపంచ యుద్ధం ఆ లెక్కను మార్చేసింది. యుద్ధకాలంలో రాడార్ వంటి పనులను ప్రభుత్వం విశ్వవిద్యాలయాల చేత చేయించింది. ఆ యుద్ధకాలపు పరిశోధనను నడిపించిన వానెవర్ బుష్ 1945లో అధ్యక్షుడు ట్రూమన్‌కు ఒక నివేదిక ఇచ్చారు. శాంతికాలంలోనూ మౌలిక పరిశోధనకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలనీ, పని మాత్రం విశ్వవిద్యాలయాల్లో స్వేచ్ఛగా జరగాలనీ ఆయన వాదన. 1950లో ఎన్ఎస్ఎఫ్ పుట్టింది. మన దేశంలో హైదరాబాదులోని సీసీఎంబీ, ఐఐసీటీ వంటి ప్రయోగశాలలను ప్రభుత్వమే కట్టి నడుపుతుంది. అమెరికా ఆ పనిలో పెద్ద భాగాన్ని విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. కాబట్టి ఈ డబ్బును దానం అనుకోకు. దేశానికి కావలసిన పని చేసిపెట్టినందుకు ఇచ్చే సొమ్ము ఇది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్‌లో మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడానికి 1970లలో జరిపిన పరిశోధనకు డబ్బు అమెరికా రక్షణ శాఖకు చెందిన డార్పా నుంచే వచ్చింది. నా ప్రయోగశాల కూడా ఈ ప్రజాధనంతోనే నడిచింది. ఆస్తి అమ్ముకోకుండా మన పల్లెల పిల్లలు ఇక్కడ డాక్టరేట్లు పుచ్చుకున్నారంటే దీని చలవే. నాకు ఈ ఏర్పాటు మీద గౌరవం ఉంది. అందుకే దాని ఆయువుపట్టు ఎక్కడుందో నీకు తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

నువ్వు పంపిన జాబితాలో మొదటి విశ్వవిద్యాలయానికి శాశ్వత నిధి (దాతలిచ్చిన సొమ్మును పెట్టుబడిగా పెట్టి ఉంచిన మూలధనం) చాలా పెద్దదనీ, దానికి భయం లేదనీ రాశావు. చాలామంది ఇలాగే అనుకుంటారు. హార్వర్డ్ శాశ్వత నిధి 5,300 కోట్ల డాలర్ల పైమాట. అయితే అందులో ఎక్కువ భాగం దాతలు ఫలానా పనికే అని కట్టడి చేసి ఇచ్చినది. ఏటా దానిలో ఐదు శాతం అటూ ఇటూగా మాత్రమే ఖర్చుకు తీస్తారు. 2024లో హార్వర్డ్ మొత్తం ఆదాయంలో ఫెడరల్ పరిశోధన నిధులు 11 శాతం. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అదే విశ్వవిద్యాలయంలోని ప్రజారోగ్య విభాగాన్ని విడిగా చూస్తే అది ఫెడరల్ గ్రాంటుల మీద ఎన్నో రెట్లు ఎక్కువగా ఆధారపడి ఉంది. సంస్కృతమో చరిత్రో చదివే విద్యార్థికి ఆ డబ్బుతో దాదాపు సంబంధమే ఉండదు. నీలాగా కణజీవశాస్త్రం చేసేవారికి ప్రయోగశాలలోని పిపెట్ల దగ్గరనుంచి ఆ డబ్బే. కాబట్టి విశ్వవిద్యాలయం మొత్తానికి తీసిన శాతం నీకు ఏమీ చెప్పదు. నువ్వు చేరబోయే విభాగం, ఆ విభాగంలో నువ్వు కోరుకునే ప్రయోగశాల, ఈ రెండింటి లెక్కే నీ లెక్క.

ఓవర్‌హెడ్ అనే మాట ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే వింటావు. ప్రయోగానికి నేరుగా అయ్యే ఖర్చు కాక భవనం, కరెంటు, ఎలుకల పెంపక శాల, ప్రమాదకర వ్యర్థాల తొలగింపు, లెక్కలు చూసే కార్యాలయం, వీటికోసం విశ్వవిద్యాలయానికి అదనంగా ఇచ్చే సొమ్ము అది. రేటు 60 శాతం అంటే నూరు డాలర్లలో అరవై పట్టుకుపోతారని కాదు. ప్రయోగం ఖర్చు నూరు డాలర్లయితే దానిపైన మరో అరవై ఇస్తారని అర్థం. అదీ అన్ని ఖర్చుల మీదా కాదు, ట్యూషను, పెద్ద యంత్రాల వంటివి లెక్కలోకి రావు. 2025 ఫిబ్రవరిలో ఎన్ఐహెచ్ ఈ రేటును అందరికీ 15 శాతానికి కుదిస్తామని ప్రకటించింది. రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు కోర్టుకు వెళ్లడంతో అది అమలు కాకుండా ఆగింది. కానీ ఆ ఒక్క ప్రకటనకే ఎన్నో విశ్వవిద్యాలయాలు నియామకాలు ఆపేశాయి, కొత్త పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. ఓవర్‌హెడ్ వృథా ఖర్చని వాదించేవారిని నేను ఎందరినో చూశాను. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లకు కరెంటు ఆగితే ఏళ్ల తరబడి దాచిన నమూనాలు ఏమవుతాయో వాళ్లకు ఎవరైనా చూపించాలి.

ఆ సంవత్సరం జరిగినవన్నీ చెప్పి నిన్ను బెదిరించను. రెండు మూడు మాత్రం గుర్తుపెట్టుకో. మార్చిలో ప్రభుత్వం కొలంబియా విశ్వవిద్యాలయానికి 40 కోట్ల డాలర్ల గ్రాంటులు రద్దు చేసింది. జులైలో ఆ విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి 20 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుని రాజీ పడింది. ఏప్రిల్‌లో హార్వర్డ్‌కు 220 కోట్ల డాలర్లు స్తంభింపజేశారు. అది చట్టవిరుద్ధమని సెప్టెంబరులో కోర్టు తీర్పిచ్చింది. పరిశోధన ఖర్చులో దశాబ్దాలుగా దేశంలో మొదటి స్థానంలో ఉన్న జాన్స్ హాప్కిన్స్, విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ నుంచి రావలసిన 80 కోట్ల డాలర్లు పోవడంతో అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ కలిపి 2,000కు పైగా ఉద్యోగాలు తీసేసింది. యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ అప్పటికే ఇచ్చిన పీహెచ్‌డీ ప్రవేశాలను వెనక్కి తీసుకుంది. వీటిలో కొన్నిచోట్ల డబ్బు తిరిగి వచ్చింది. కానీ కోర్టు తీర్పు వచ్చేలోగా విద్యార్థికి ఒక సెమిస్టరు గడిచిపోతుంది. అద్దె మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీకి కట్టాల్సిందే.

ఇక నువ్వు చేయాల్సిన పని. ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది, ఎవరైనా చూడవచ్చు. నీకు నచ్చిన ప్రొఫెసరు పేరు అందులో వెతుకు. ఆయనకు ఎన్ని గ్రాంటులు ఉన్నాయో, ఏది ఏ తేదీకి ముగుస్తుందో కనిపిస్తుంది. ఎన్ఎస్ఎఫ్‌కు కూడా అలాంటిదే ఉంది. ప్రధానంగా చూడాల్సింది ఆర్01 అనే గ్రాంటు. అది సాధారణంగా నాలుగైదేళ్లకు వస్తుంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఉన్న ఒక్క ఆర్01 వచ్చే ఏడాది ముగిసిపోయేదైతే, నువ్వు ప్రయోగశాలలో అడుగుపెట్టేసరికి ఆయన కొత్త గ్రాంటు కోసం రాత్రింబగళ్లు రాస్తుంటారు. ఐదు దరఖాస్తుల్లో సుమారుగా ఒకటి గట్టెక్కే పోటీ అది. అలాంటి చోటికి వెళ్లకూడదని నేననను. మంచి శాస్త్రవేత్తలకూ ఖాళీ ఏళ్లు వస్తాయి. తెలిసి వెళ్లాలంటాను. రెండు గ్రాంటులు వేర్వేరు తేదీలకు ముగిసేవి ఉండి, దానికితోడు ఏదైనా ధార్మిక సంస్థ నుంచో కంపెనీ నుంచో కొంత ఉంటే ఆ ప్రయోగశాల స్థిమితంగా ఉంటుంది.

తర్వాత అడగాలి. ఇక్కడే మన పిల్లలు వెనకాడతారు. గురువును డబ్బు గురించి అడగడం మర్యాద కాదని మన ఇళ్లలో నేర్పాం. ఇక్కడ అది తప్పు కాదు, అడిగినవారిని బాధ్యత తెలిసినవారిగా చూస్తారు. ముందు విభాగం కార్యాలయానికి రాయి: మొదటి ఏడాది రొటేషన్లలో, అంటే ప్రయోగశాలలను ఒక్కొక్కటిగా కొన్నాళ్లు చూసే సమయంలో, నాకు డబ్బు ఇచ్చేది విభాగమా, ప్రయోగశాలా? ఐదేళ్ల హామీ అన్నారు కదా, అది విశ్వవిద్యాలయం ఇచ్చే రాతపూర్వక హామీనా, లేక నిధులు ఉన్నంతవరకేనా? ఆ చివరి మాట లేఖలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చూడు. ప్రొఫెసరు గ్రాంటు ఆగిపోతే నాకు టీచింగ్ అసిస్టెంట్ పని ఇస్తారా? గత సంవత్సరాల్లో అలా ఎవరికైనా ఇచ్చారా? వేసవి నెలలకు స్టైపెండు ఉందా? వీటికి సూటిగా జవాబిచ్చే విభాగం, పేరు కొంచెం చిన్నదైనా, జవాబు దాటవేసే పెద్ద పేరుకన్నా నాకు నచ్చుతుంది. ఆ తర్వాత అక్కడ మూడు నాలుగేళ్లుగా ఉన్న విదేశీ విద్యార్థులతో మాట్లాడు. వాళ్లు నీకు దాచకుండా చెబుతారు.

విదేశీ విద్యార్థినిగా నీకు మరో ఇబ్బంది ఉంది. ఎన్ఎస్ఎఫ్ ఇచ్చే ప్రసిద్ధ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, ఎన్ఐహెచ్ ఇచ్చే ఎఫ్31 ఫెలోషిప్, విభాగాలకు వచ్చే టీ32 శిక్షణ గ్రాంటు, ఇవన్నీ అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. నీ తోటి విద్యార్థి ఫెలోషిప్ తెచ్చుకుని ప్రొఫెసరు భారం తగ్గించగలడు, నీకు ఆ దారి మూసి ఉంటుంది. పైగా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద మామూలుగా బయట ఉద్యోగం చేసి నెట్టుకొచ్చే వీలు లేదు. కాబట్టి ప్రొఫెసరు గ్రాంటు ఆరోగ్యం వాళ్లకన్నా నీకు ఎక్కువ అవసరం. తెరిచి ఉన్న దారులు కొన్ని ఉన్నాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఫెలోషిప్‌కు విదేశీ విద్యార్థులూ అర్హులే. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ దశలో ఎన్ఐహెచ్ ఇచ్చే కే99 అనే గ్రాంటుకు పౌరసత్వం అవసరం లేదు. రెండో ఏటి నుంచే మీ ప్రొఫెసరు రాసే గ్రాంటు దరఖాస్తును అడిగి చదువు, ఒక పేజీ నువ్వే రాస్తానని అడుగు. ప్రయోగాలు బాగా చేసేవారు చాలామంది ఉంటారు. ఎందుకు చేయాలో పరాయివాళ్లకు అర్థమయ్యేలా రాయగలిగినవారు కొద్దిమంది.

మీ తమ్ముడు ఎంఎస్‌కు వస్తానంటున్నాడని విన్నాను. వాడి లెక్క పూర్తిగా వేరు. 2023-24లో ఇక్కడి భారతీయ విద్యార్థులు, చదువు ముగించి ఉద్యోగ శిక్షణలో ఉన్నవారితో కలిపి, 3.31 లక్షల మంది. వాళ్లలో ఎంఎస్ విద్యార్థులు ఎక్కువమంది ఫీజు తామే కట్టుకునేవారు. వాడితో విడిగా మాట్లాడతాను, నీకొచ్చిన స్టైపెండు చూసి వాడికీ వస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

బావగారు బ్యాంకు అప్పు గురించి వాకబు చేస్తున్నారని అక్క చెప్పింది. పూర్తి నిధులున్న పీహెచ్‌డీకి అప్పు అక్కరలేదు. ఇల్లు తాకట్టు పెట్టవద్దని నా మాటగా చెప్పు. విమానం టికెట్టు, మొదటి నెల అద్దె, దానికితోడు ఒక సెమిస్టరు గడిచేంత సొమ్ము నీ ఖాతాలో ముట్టుకోకుండా ఉంటే చాలు.

నిధులతో వచ్చిన ప్రవేశాలకు సాధారణంగా ఏప్రిల్ 15 దాకా గడువు ఉంటుంది. అంతకుముందే జవాబివ్వమని ఎవరైనా తొందరపెడితే నాకు చెప్పు. మూడు లేఖలూ పూర్తిగా, చిన్న అక్షరాలతో సహా స్కాన్ చేసి పంపించు. ఒక్కోచోట నీకు నచ్చిన ముగ్గురేసి ప్రొఫెసర్ల పేర్లు కూడా రాయి. ఆదివారం ఉదయం మీ టైము ప్రకారం ఎనిమిదింటికి ఫోను చేస్తాను, కంప్యూటర్ ముందు కూర్చో. వాళ్ల గ్రాంటులు ఒక్కొక్కటీ ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య