పల్లెలో పిల్లలకి వాక్యం చెప్పబోతున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు. పల్లెల్లో పిల్లల మధ్య సేవకి ఒప్పుకున్నావని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. ఏ పాటలు నేర్పాలి, ఏ బొమ్మలు పట్టుకెళ్ళాలి, వారానికి ఎన్ని బైబిల్ వాక్యాలు కంఠత పెట్టించాలి అని అడిగావు. అవి తర్వాత చెప్తాను. నువ్వు అడగని సంగతి ఒకటి ముందు చెప్పాలి. పిల్లల్ని పోగుచెయ్యకముందే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళు.

పల్లెలో పిల్లలు ఇట్టే వచ్చేస్తారు. కొత్త మనిషి, కొత్త పాట, చేతిలో రంగుల బొమ్మలు ఉంటే చాలు. ఆ గుంపుని చూసి పని మొదలైపోయిందనుకోకు. అప్పటికి వాళ్ళ అమ్మానాన్నలకి నువ్వెవరో తెలియదు. ఎవరో తెలియని మనిషి చాటుగా తమ పిల్లలకి ఏదో నేర్పుతోందన్న అనుమానం పుట్టిందంటే, దాన్ని పోగొట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఆ అనుమానం న్యాయమైనదే. నీ పిల్లలైతే నువ్వూ అలాగే ఆలోచిస్తావు.

అందుకే ఇంటింటికీ వెళ్ళి, కూర్చుని మాట్లాడు. నీ పేరు, నువ్వు ఏ సంఘం నుంచి వచ్చావో, పిల్లలకి ఏం చెప్తావో, ఎన్నింటికి వదిలిపెడతావో చెప్పు. వాళ్ళనీ వచ్చి కూర్చోమను. చదువు చెప్పదలిస్తే చదువని చెప్పు, వాక్యం చెప్పదలిస్తే వాక్యమని చెప్పు. చదువని పిలిచి వాక్యం చెప్తే అది మోసమే. వద్దన్న ఇంటి బిడ్డ గుమ్మం దగ్గర నిలబడితే ప్రేమగా పలకరించి ఇంటికి పంపించు.

"చిన్నబిడ్డలను ఆటంకపరచవద్దని ప్రభువే అన్నాడు కదా" అని కొందరు నీతో వాదిస్తారు. మార్కు సువార్త పదో అధ్యాయం మళ్ళీ తీసి చదువు. ఆ పిల్లలు వాళ్ళంతట వాళ్ళు రాలేదు, ఎవరో తీసుకొచ్చారు. అడ్డుపడింది శిష్యులు. అంటే ఆ మాట తల్లిదండ్రులకి కాదు, మనకే తగులుతుంది. 1989లో ఐక్యరాజ్యసమితి చేసిన బాలల హక్కుల ఒడంబడికలో 14వ అధికరణం కూడా పిల్లల మనస్సాక్షికి, మతానికి స్వేచ్ఛ ఉందంటూనే, ఆ విషయంలో వాళ్ళకి దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులవని గుర్తిస్తుంది.

పౌలు తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాసేటప్పుడు ముందు అమ్మమ్మ లోయి పేరు, తర్వాత తల్లి యునీకే పేరు చెప్తాడు. తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములలో ఉంది. తల్లి విశ్వాసి, తండ్రి కాని అలాంటి ఇళ్ళు నీకు చాలా కనబడతాయి. అక్కడ తండ్రిని చిన్నబుచ్చే మాట నీ నోట రాకూడదు. ఇంట్లో వాళ్ళు కొలిచే దేవుణ్ణి వెక్కిరించకు. "అన్యులు" అన్న మాట పిల్లల ముందు వాడకు. "మీ అమ్మ నరకానికి పోతుంది" అని విన్న పసిబిడ్డకి ఆ రాత్రి నిద్ర పట్టదు. భయంతో చేసే ప్రార్థనని నేను విశ్వాసం అనను.

కానుకల విషయంలో గట్టిగా ఉండు. మిఠాయి పంచిన వారం గది నిండుతుంది, పంచని వారం ఖాళీ అవుతుంది. రొట్టెలు తిని తృప్తి పొందినందుకే నన్ను వెతుకుతున్నారని ప్రభువే ఆ జనంతో అన్నాడు, యోహాను ఆరో అధ్యాయంలో. ఊళ్ళో నిజంగా అవసరం ఉంటే సాయం చెయ్యి, తప్పకుండా చెయ్యి. కానీ అది పెద్దవాళ్ళ చేతికి ఇవ్వు, నీ దగ్గరికి వచ్చేవాళ్ళకీ రానివాళ్ళకీ ఒకేలా ఇవ్వు, హాజరు పట్టీతో ముడిపెట్టకు. వేల్స్‌లో మేరీ జోన్స్ అనే పేద పిల్ల బైబిల్ కోసం ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకుని, 1800లో దాదాపు 40 కిలోమీటర్లు నడిచి బాలా అనే ఊరికి వెళ్ళి కొనుక్కుంది. ఆ ఆకలి ఎవరో పంచిపెడితే వచ్చింది కాదు. ఊరూరా తిరిగే బడిలో చదవడం నేర్చుకున్నాక దానంతటదే పుట్టింది.

ఆ బడుల సంగతి నీకు పనికొస్తుంది. వాటిని 1730లలో గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరి మొదలుపెట్టాడు. గురువు ఒక ఊళ్ళో మూడు నెలలు ఉండేవాడు, అదీ ఎక్కువగా పొలం పనులు తగ్గే చలికాలంలో. పాఠం జనం మాట్లాడే వెల్ష్ భాషలోనే. పిల్లలతోపాటు పెద్దవాళ్ళూ కూర్చునేవాళ్ళు. పనుల కాలం, ఇంటి భాష, పెద్దల తోడు, ఈ మూడూ చూసుకున్న పని పల్లెలో నిలబడుతుంది. వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ బడి, పుట్టింది నగరంలో, 1898లో న్యూయార్క్ వీధుల్లో ఖాళీగా తిరిగే పిల్లల కోసం. దాన్ని అదే తేదీలకి పల్లెకి తీసుకెళ్తే, సరిగ్గా కోతల సమయంలో పిల్లల్ని పొలం నుంచి లాగినట్టవుతుంది. క్యాలెండరు నీ ఆఫీసుది కాకుండా ఆ ఊరిది పెట్టుకో.

ఇక పాఠం. తక్కువ కథలు చెప్పు, పూర్తిగా చెప్పు. పల్లె పిల్లలకి విత్తువాని ఉపమానం నువ్వు వివరించనక్కర్లేదు, వాళ్ళనే అడుగు. "పొలంలో బాట ఎందుకు పడుతుంది? అక్కడ గింజ పడితే ఏమవుతుంది?" అని అడిగి ఆగు. నేల గట్టిపడిపోతుందని ఒకడు, పిట్టలు వాలతాయని ఇంకొకతె, రాతినేలలో మొలక ఎండకి మాడిపోతుందని మరొకడు చెప్తారు. వెనక కూర్చున్న తాత కూడా అందుకుంటాడు. అంతా అయ్యాక "ఆ బాటలాంటి మనసు ఎలా ఉంటుంది?" అని ఒక్క ప్రశ్న వెయ్యి. జవాబు వెంటనే రాకపోతే తొందరపడి అందించకు. ఆ కాసేపటి మౌనంలోనే అసలు పాఠం జరుగుతుంది.

అక్షరాలు లేకుండా రంగు పేజీలతోనే సువార్త చెప్పే రంగుల పుస్తకం తీసుకెళ్తానన్నావు. 1866లో ఇంగ్లండు బోధకుడు స్పర్జన్ చేసిన ప్రసంగంలో దానికి నలుపు, ఎరుపు, తెలుపు అని మూడే రంగులుండేవి, బంగారు రంగు, ఆకుపచ్చ తర్వాత చేరాయి. వాడుకో, కానీ నల్ల పేజీ దగ్గర జాగ్రత్త. ఒంటిరంగు గురించి రోజూ మాటలు పడే పిల్ల ముందు "నలుపు అంటే పాపం, తెలుపు అంటే పవిత్రత" అంటే తన చెయ్యి చూసుకుంటుంది. నేనైతే ఆ పేజీని చీకటి అనే చెప్తాను, దీపం లేని రాత్రిని గుర్తుచేస్తాను.

పాటలు, కంఠత వాక్యాల గురించి ఎక్కువ దిగులు పడకు. నెలకి ఒక వాక్యం చాలు, దాని అర్థం వాళ్ళ మాటల్లో ఇంటికెళ్ళి చెప్పగలిగితే.

పాఠం చివర "ప్రభువుని అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తండి" అనకు. పక్కవాడు ఎత్తితే అందరూ ఎత్తుతారు. ఆ చేతుల్ని లెక్కపెట్టి రిపోర్టు రాయడం పిల్లలకి చేసే అన్యాయం. సమూయేలుని దేవుడు పేరు పెట్టి పిలిచినప్పుడు, కుర్రవాడు మూడుసార్లు యాజకుడు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. విషయం అర్థమయ్యాక ఏలీ ఏం చేశాడు? అతని తరఫున తాను జవాబు చెప్పలేదు. మళ్ళీ పిలుపు వస్తే ఏమనాలో చెప్పి, వెళ్ళి పడుకోమన్నాడు. నువ్వూ అంతవరకే. బాప్తిస్మం మాట తల్లిదండ్రులు, పాస్టర్ గారు లేకుండా ఎత్తనే వద్దు.

ఒక్కదానివే ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఉండకు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు, తలుపులు తెరిచి. నీతో వచ్చేవాళ్ళు ఎంత భక్తిపరులైనా ఈ నియమం వాళ్ళకీ వర్తిస్తుంది. నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ఏ బిడ్డైనా తనకి జరిగిన హాని చెప్పుకుంటే, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. బిడ్డ మాట నమ్ము, సంఘం పరువు చూడకు, చట్ట ప్రకారం చెప్పవలసిన చోట చెప్పు. చిన్నవారిని అభ్యంతరపరిచేవాడి మెడకి తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలన్నాడు ప్రభువు. ఇంత కఠినంగా ఆయన మాట్లాడిన చోట్లు తక్కువ.

విరాళాలిచ్చేవాళ్ళకి పంపడానికి ఫోటోలు అడుగుతారు. చిరిగిన బట్టల్లో ఉన్న బిడ్డని, ఏడుస్తున్న బిడ్డని తియ్యకు. పేరు, ఊరు కలిపి పెట్టకు. ఆ బిడ్డ పెద్దయ్యాక ఆ ఫోటో చూసి తలదించుకోకూడదు.

చివరిగా, నువ్వు ఎప్పటికీ అక్కడే ఉండవు. వెళ్ళిన నెలలోనే ఆ ఊళ్ళో నీకంటే బాగా పిల్లలతో మాట్లాడగల మనిషి ఎవరో చూసుకో. ఏ తల్లో, పెద్ద క్లాసు చదివే అమ్మాయో ఉంటుంది. మొదట ఆమెని పాట పాడించమను, తర్వాత కథ చెప్పమను, ఆపైన ఆదివారం మొత్తం అప్పగించి నువ్వు వెనక కూర్చో. ఆ మనిషి ఎవరో తేలగానే నాకు రాయి. నా దగ్గర పెద్ద బొమ్మల పటాలు, పాఠాల నోటు పుస్తకాలు ఉన్నాయి. వాటిని నీకు కాదు, ఆమెకే పంపిస్తాను.

ప్రార్థనలో నిన్ను తలచుకుంటూ,
మీ ఆంటీ