కుక్కపిల్ల ఇంటికి వచ్చేలోగా చదువు

సింధూ,

సెల్లార్‌లో పుట్టిన దేశీ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వేలు పోసి కొనకుండా ఉన్నదాన్ని దగ్గరికి తీసుకుంటున్నందుకు ముచ్చటేసింది. రెండో తరగతిలోనే పిల్లికూనను స్కూల్ బ్యాగులో దాచి తెచ్చినదానివి, ఇది చెయ్యకపోతేనే ఆశ్చర్యం. కానీ ఇంట్లో ఇప్పటికే పిల్లి ఉంది, పైగా వానాకాలం. నాకు భయంగానే ఉంది. ఫోన్లో చెబితే సగమే వింటావని రాస్తున్నాను.

టీకాల సంగతి డాక్టరే చూసుకుంటారు. 6–8 వారాల వయసులో మొదటిది, అక్కణ్ణుంచి 3–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇవన్నీ అయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట దాన్ని కిందికి దించకు.

ముక్కు తాకి జ్వరం ఉందో లేదో చెప్పే అలవాటు మీ ఇంట్లో అందరికీ ఉంది, మానుకోండి. దానికంటూ ఒక డిజిటల్ థర్మామీటర్ కొను. కొసకు వాజెలిన్ రాసి, మలద్వారంలో ఒక అంగుళం లోపలికి పెట్టి చూడాలి. 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ దానికి మామూలే. 103 దాటితే డాక్టరుకు ఫోన్ చెయ్యి, మీ మందుల డబ్బా మాత్రం తెరవకు. పారాసిటమాల్ 500 మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. ఆ మందును విరిచే శక్తి దాని కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్ మొయ్యలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. కుక్కకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. 'పిల్లల సిరప్పే కదా, రెండు చుక్కలు వేద్దాం' అని మీ ఆయన అంటాడు. వెయ్యనివ్వకు.

ఇక పిడుదులు. ఇక్కడ కాస్త నిదానంగా చదువు, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి ఒకే తప్పు చేస్తున్నారు.

పిడుదు కుట్టిన కుక్కకు కొన్నాళ్లకు జ్వరం వస్తుంది. తిండి మానేస్తుంది, మూలకు పోయి పడుకుంటుంది, చిగుళ్లు పాలిపోతాయి. పొట్ట కింద వెంట్రుకలు లేనిచోట చూస్తే సూదిమొన పొడిచినట్టు ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నమాట. కొన్నిటికి ముక్కులోంచి రక్తం వస్తుంది. రక్తపరీక్షలో ఎర్లీకియా (పిడుదు కాటుతో ఒంట్లోకి చేరే బాక్టీరియా) అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు. మామూలుగా కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా., అంటే పది కిలోల కుక్కకు 100 మి.గ్రా. మాత్ర ఒకటి, 28 రోజులు. తప్పు ఇక్కడే జరుగుతుంది. మందు పడిన రెండు మూడు రోజులకే జ్వరం దిగి, కుక్క లేచి తోక ఊపుతుంది. ఇంట్లోవాళ్లు 'తగ్గిపోయిందిగా, వేడి చేసే మందు ఇన్నాళ్లెందుకు' అని ఆపేస్తారు. ఆ క్రిమి మాత్రం ఒంట్లోనే దాక్కుని ఉంటుంది. నెలల తర్వాత మళ్లీ తేలినప్పుడు ఒక్కోసారి ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాలే సరిగా తయారు కావు. అప్పుడు ఎక్కించడానికి కుక్క రక్తం కోసం ఊరంతా తిరగాలి.

ఆపెయ్యడానికి రెండో కారణం వాంతులు. డాక్సీ ఖాళీ కడుపున పడితే కక్కేస్తుంది, తిండి మీద విరక్తి పుడుతుంది. సగం అన్నం తిన్నాక మాత్ర వేసి, మిగతా సగం ఆ తర్వాత పెట్టు. పాలల్లో, పెరుగులో కలిపితే మందు సరిగా ఒంటికి పట్టదు. మాత్ర మింగాక సిరంజితో ఐదారు మి.లీ. నీళ్లు బుగ్గ పక్కనుంచి మెల్లగా పొయ్యి, లేకపోతే గొంతు దిగువన అంటుకుని పుండు చేస్తుంది. పిల్లికి ఈ మాత్ర వెయ్యాల్సి వస్తే ఆ నీళ్లు అసలు మరవకూడదు. మూత్రం కాఫీరంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా బబేసియా (పిడుదే మోసుకొచ్చే, ఎర్ర రక్తకణాలను పాడుచేసే ఇంకో క్రిమి) అయి ఉండొచ్చు, దానికి డాక్సీ ఒక్కటే సరిపోదు, మందు వేరు. బొప్పాయి ఆకు రసం పోస్తామనేవాళ్లతో వాదించకు, కానీ దాన్ని నమ్మి మాత్ర ఆపకు. కోర్సు అయ్యాక మళ్లీ రక్తపరీక్ష చేయించు.

ఇంత చేసి ఇంటిని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద గుడ్లు పెట్టదు. రాలిపడి, గోడెక్కి, తలుపు చట్రం వెనకో మంచం సందులోనో వేలల్లో పెడుతుంది. కాబట్టి ఏరడం ఒక్కటే చాలదు. ఏరేటప్పుడు సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగు, స్పిరిట్ సీసాలో వెయ్యి, గోళ్లతో నలపకు. అగ్గిపుల్ల, కిరోసిన్ జోలికి పోకు. గోడల పగుళ్లు పూడిపించు, పక్కబట్టలు వేడినీళ్లలో నానబెట్టు. పురుగుమందు కొట్టించేటప్పుడు రెండిటినీ బయట ఉంచి, నేల పూర్తిగా ఆరాకే లోపలికి రానియ్యి. గుడ్లు ఆ మందుకు చావవు, అందుకే రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాలి. కుక్కకు డాక్టరు చెప్పిన నమిలే మాత్ర వేస్తే నెలో మూడు నెలలో కాపాడుతుంది. కుక్కల కోసం అమ్మే పర్‌మెత్రిన్ పొడి, చుక్కల మందు మాత్రం ఇంట్లోకే తేకు. కుక్క ఒంటికి రాసినది పిల్లి నాకినా వణుకు పుట్టి ఫిట్స్ వస్తాయి.

కుక్కపిల్ల వాంతులు చేసుకుని, కంపుకొట్టే నెత్తుటి విరేచనాలు పెడితే పార్వో అనుకో, అది పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. పెరుగన్నం పెడుతూ తెల్లారేదాకా చూడొద్దు, ఆ పూటే సెలైన్ ఎక్కించాలి. రాత్రయినా తీసే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కో. ఫినాయిల్‌కు ఆ వైరస్ లొంగదు, పైగా తడి నేల తొక్కి పాదాలు నాకే పిల్లికి అది విషం. ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి, ముందు మురికి కడిగేసిన నేల మీద పోసి పది నిమిషాలు వదిలెయ్యి. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలపకు.

చెవి కంపుకొడితే లోపలికి కొబ్బరినూనె పొయ్యకు, ఇయర్‌బడ్స్ దూర్చకు. గజ్జి కనిపిస్తే కాలిన ఇంజన్ ఆయిల్ రాయమనే పెద్దమనుషులు ఎదురవుతారు. కుక్క దాన్ని నాకుతుంది, అది విషమే.

నన్ను నిద్రపోనివ్వనిది రేబిస్. ఏ కుక్కకైనా దవడ వేలాడుతూ చొంగ కారుతుంటే, నీళ్లు మింగలేకపోతుంటే, గొంతు మారితే, ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టకు తల్లీ. దాన్ని గదిలో ఉంచి డాక్టరును పిలువు. పంటి గాటు, గోటి గీత ఏది పడినా ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు నువ్వు వెళ్లి టీకా వేయించుకో. సున్నం, కారం, పసుపు ఏవీ పెట్టకు. ఆటలో చిన్న పంటి గాటే కదా అని మీ అత్తగారు అన్నా సరే, వెళ్లు.

పిల్ల రాగానే తూకం చూడు. బరువు కాటా మీద ముందు నువ్వొక్కదానివే నిలబడి, తర్వాత దాన్ని ఎత్తుకుని నిలబడితే తేడా తెలుస్తుంది. నట్టల మందైనా, జ్వరం మందైనా కిలోల లెక్కనే ఇస్తారు. వారానికోసారి క్యాలెండర్ మీద రాస్తూ ఉండు. ఈ వయసులో బరువు పెరగడం ఆగిందంటే నట్టలనే ముందు అనుమానించాలి. ఎన్ని కిలోలు ఉందో తూచగానే నాకు మెసేజ్ పెట్టు.

మీ అత్త