ఏడాదిన్నర పాపను పని వేళల్లో ఎక్కడ వదలాలి?

ప్రైవేటు డే కేర్ ఫీజు మా వల్ల కాదు, అంగన్‌వాడీలో పాపను ఉంచుకుంటారా అని అడిగారు. నేనూ హైదరాబాద్‌లో ఇళ్లల్లో పనిచేస్తూనే ఇద్దరు పిల్లల్ని పెంచానక్కా, తెలిసింది చెప్తా.

మామూలు అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండాకే. మీ పాప వయసుకి ఇంటికి సరుకిస్తారు: నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి, 16 గుడ్లు. బరువు కూడా చూస్తారు. అది వదులుకోకండి, కానీ దాంతో పాపను చూసుకునే మనిషి దొరికినట్టు కాదు. మీకు కావాల్సింది క్రెష్ కూడా ఉన్న అంగన్‌వాడీ. కేంద్రం 'పాల్నా' పథకం కింద పెట్టేవి ఇవే, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని పగటిపూట ఉంచుకుంటారు. అన్ని బస్తీల్లో లేవు. అందుకే టీచరమ్మ దగ్గర ఆగకుండా అంగన్‌వాడీల పైఅధికారి సీడీపీవో ఆఫీసులో "పాల్నా క్రెష్ దగ్గర్లో ఎక్కడుంది" అని పేరు పెట్టి అడగండి.

"మీ ఆధార్ ఊరిది, ఇక్కడ రాయం" అంటారేమో. మాది నారాయణపేట వైపు, నాతో అదే అన్నారు. సూపర్‌వైజర్ వచ్చిన రోజు ఆమె ముందే అడిగితే అప్పటికప్పుడు రాసుకున్నారు. వలస వచ్చినవాళ్ల పేరు అంగన్‌వాడీ వాళ్లు పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో కొత్త సెంటర్‌కి మార్చే వీలుంది. పాపకు ఆధార్ లేకపోయినా తల్లిది చాలు.

అసలు చిక్కు టైమింగే. మేడమ్‌లకు మనం ఆరింటికల్లా కావాలి, సెంటర్ తెరిచేది తొమ్మిదికి. అందుకని పొద్దున ఇళ్లు నేను చేసొచ్చేదాకా మా ఆయన ఉండేవాడు, తర్వాత అడ్డాకి పోయేవాడు. ఆలస్యంగా పోతే కూలి దొరకని రోజులూ ఉండేవి, ఆ గొడవలు వేరే.

50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థ క్రెష్ పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో చట్టం తెచ్చారు. ఇళ్లల్లో చేసే మనకు అది వర్తించదు, మనకు యజమాని ఒకరా ఇద్దరా! హౌస్‌కీపింగ్‌లోనో గార్మెంట్‌లోనో చేరేట్టుంటే మాత్రం ముందే అడగండి. కాంట్రాక్టర్ మనుషులు మా లెక్కలోకి రారని తప్పించుకునేవాళ్లున్నారు.

క్రెష్ దొరికేదాకా, పక్కింటి పెద్దమ్మకో ఎవరికో అప్పగిస్తే ఊరికే వద్దు, నెలకు ఇంతని మాట్లాడుకోండి. మేం ఎనిమిది వందలిచ్చాం. డబ్బు తీసుకుంటే పాప నిద్రలేచిందా, తిందా అని మనం గట్టిగా అడగగలం.