వాచీలో స్ట్రెస్ 82 వస్తే గుండెజబ్బేనా?

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు, కిరాణా అంగడి. మా పిల్లోడు స్మార్ట్‌వాచ్ కొనిచ్చాడు. రాత్రి అంగడి మూసి అప్పుల లెక్క చూసుకునేటప్పుడు స్ట్రెస్ 82, గుండె 108 అని చూపిస్తోంది. అది చూస్తే ఇంకా దడ. పడుకున్నాక కూడా నాలుగైదు సార్లు చూసుకుంటున్నాను. గుండెకేమన్నా అవుతుందా?

జవాబు: అన్నా, ముందు ఆ 82 ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. వాచీ వెనక ఆకుపచ్చ లైటు మిణుకుమంటుంటుంది. రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. వాచీ లెక్కపెట్టేది దీన్నే. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉండదు. మనసు నిమ్మళంగా ఉంటే ఆ తేడా ఎక్కువ, టెన్షన్‌లో తక్కువ. స్ట్రెస్ అంకె వేసేది ముఖ్యంగా దీన్ని బట్టే. రెండు గ్లాసుల టీ తాగినా, నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా అది పెరగొచ్చు. పైగా కంపెనీ కంపెనీకీ లెక్క వేరు. దాన్ని ల్యాబ్ రిపోర్టులా చూడకండి.

అలాగని టెన్షన్‌ను తీసిపారేయమనడం లేదు. అప్పుల పుస్తకం తెరవగానే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగం, బీపీ పెరగడం నిజమే. కాసేపటికి దిగిపోతే అది ఒంటి సహజ గుణం. నెలల తరబడి దిగకపోతేనే చేటు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, గుండెపోటుకు దారితీసే తొమ్మిది ముఖ్య కారణాల్లో పొగ, బీపీ, షుగర్‌లతో పాటు మానసిక ఒత్తిడినీ చేర్చింది. అందుకే, పడుకున్నాక వాచీ చూసి దడ పెంచుకునే అలవాటు మీద నాకు దిగులు.

ఈ రాత్రే ఫోన్‌లో వాచీ యాప్ తెరిచి స్ట్రెస్ అలర్ట్‌లు ఆపేయండి. నిద్రకు ముందు వాచీ తీసి బీరువాలో పెట్టేయండి. పొద్దున టీ తాగకముందు ఐదు నిమిషాలు కూర్చుని, పట్టీ మణికట్టు ఎముకకు రోంత పైన బిగించి, ఒక్కసారి చూడండి. విశ్రాంతిలో గుండె వేగం నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలు. రోజూ 100 దాటుతుంటే డాక్టర్‌ను కలవండి. వాచీలోని శ్వాస వ్యాయామం మాత్రం వాడుకోండి. ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గడం మీకే తెలుస్తుంది.

ఛాతీలో పట్టేసినట్టున్నా, చెమటలు పోసినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా వాచీ చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీసే ఖరీదైన వాచీలు కూడా గుండెపోటును పట్టలేవు.

ప్రశ్న: కడపలో ఉన్న అమ్మకు బీపీ చూపించే 1,500 రూపాయల వాచీ కొనొచ్చా?

జవాబు: వద్దమ్మా. అలాంటిదొకటి చుట్టిన తువ్వాలుకు కట్టి చూశాను. తువ్వాలుకూ 118/76 చూపించింది. ఆ అంకె నమ్మి అమ్మ మాత్ర మానేస్తే? అదే డబ్బుకు కాస్త అటూ ఇటుగా జబ్బకు కట్టే మిషన్ వస్తుంది. పట్టీ సైజు అమ్మ చేతికి సరిపోతుందో లేదో చూసి కొనండి. రోజూ ఉదయం, రాత్రి వచ్చిన అంకెలు క్యాలెండర్ మీద రాయించి, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.